ముందు వీసా రూలు, ఆ తర్వాతే సర్టిఫికెట్

రెండో శనివారం, స్కూళ్లకు సెలవు. మధ్యాహ్నం మూడింటికి ఒక అమ్మాయి స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. మా తూంకుంటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఏడు నుంచి పది దాకా ఇంగ్లిష్ చెబుతుంది. ఐదేళ్ల సర్వీసు. రాజీవ్ రహదారి దుమ్ముకు ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పి, మంచినీళ్లు కూడా అడక్కుండా సంచిలోంచి బటన్ కవర్ తీసి దివాన్ మీద పెట్టింది.

"సార్, ఫారిన్ల ఇంగ్లిష్ చెప్పనీకి పోదామనుకుంటున్న. గీ సర్టిఫికెట్ తోటి అయితదా, జర చూడుండ్రి."

ఆ కాగితం అన్నిటికన్నా పైన ఉంది. మందపాటి అట్ట, బంగారు రంగు ముద్ర, అడుగున చదవరాని సంతకం. నూట ఇరవై గంటల ఆన్‌లైన్ టెఫెల్ కోర్సు అట, అంటే ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా బోధించే తర్ఫీదు. ఇరవై రెండు వేలు, మూడు కిస్తీల్లో కట్టింది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వీడియోలు చూసి, కింద వచ్చిన ప్రశ్నలకు టిక్కులు పెట్టి, రెండు వారాల్లో ముగించింది. నూట ఇరవై గంటలు పద్నాలుగు రాత్రుల్లో ఎలా పట్టాయో నేను అడగలేదు.

"ఏ దేశం పోదామని?" అన్నాను.

"ఏదైనా ఓకే సార్."

ఏదైనా ఓకే అన్న చోటే డబ్బు పోతుంది. జేబీఎస్ బస్టాండ్‌కు వెళ్లి "ఏదో ఒక ఊరికి టికెట్ ఇయ్యి" అంటే కండక్టర్ మనల్ని ఎగాదిగా చూస్తాడు. కరీంనగరా, సిద్దిపేటా చెప్పమంటాడు. కోర్సులు అమ్మేవాళ్లు మాత్రం అలా అడగరు. టికెట్ చేతిలో పెట్టి, బస్సు మీరే వెతుక్కోండి అంటారు. విదేశాల్లో ఇంగ్లిష్ చెప్పడానికి "కావలసిన అర్హత" అని ఒకటి ఎక్కడా లేదు. థాయ్‌లాండ్‌కు ఒకటి, జపాన్‌కు ఒకటి, మస్కట్‌కు ఒకటి. ఒక దేశంలో నెత్తిన పెట్టుకునే కాగితాన్ని పక్క దేశంలో పక్కకు నెట్టేస్తారు. కాబట్టి దేశం తేల్చుకోకముందు ఏ కోర్సుకూ పైసా కట్టొద్దు. ఈ అధ్యాయంలో మీరు ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటానంటే, అది ఇదే కానివ్వండి.

పాస్‌పోర్టు మీద ఏ దేశం ఉంది?

మొదట చేదు మాట చెప్పేస్తాను. కొన్ని దేశాలు మీ ఇంగ్లిష్ వినవు, మీ పాస్‌పోర్టు చూస్తాయి.

దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ టీచర్లకు ఇచ్చేది ఈ-2 వీసా. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల పౌరులకే అది. మనకు ఒక సన్నని సందు ఉంది. 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సెపా అనే ఆర్థిక ఒప్పందం ప్రకారం డిగ్రీతో పాటు ఇంగ్లిష్ టీచరుగా అర్హత పత్రం ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో సహాయ టీచర్లుగా చేరవచ్చు. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. కానీ ఆ ఒక్క తలుపును నమ్ముకుని ఉన్న ఉద్యోగం వదులుకోవద్దు.

చైనా నియమం ఇంకో రకం. భాష చెప్పే విదేశీ టీచరు తన మాతృభాషనే చెప్పాలి, డిగ్రీ ఉండాలి, రెండేళ్ల అనుభవమో బోధన సర్టిఫికెటో ఉండాలి అని అక్కడి పద్ధతి. మన పాస్‌పోర్టు చూడగానే మాతృభాష దగ్గరే ఆగిపోతారు. పైగా 2021 జులైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ల వ్యాపారం మీద విరుచుకుపడింది. పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే కంపెనీలు ఎన్నో ఆ దెబ్బకు మూతపడ్డాయి. ఇప్పటికీ ఎవరైనా "చైనాలో బోలెడు డిమాండ్" అంటే, ఆ మాట ఏ సంవత్సరం నాటిదో అడగండి.

జపాన్ సంగతి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తెలియాలి. బడుల్లో ఇంగ్లిష్ చెప్పడానికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు కనీసం పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉండాలి. ఈ అమ్మాయిని అడిగాను. శామీర్‌పేట వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, బీఎడ్ కలిపి ఏడేళ్లు ఇంగ్లిష్ మీడియం. ఏడే, పన్నెండు కావు. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లిష్ మీడియం అంచెలంచెలుగా మొదలైందే 2022-23 నుంచి. అంటే ఆమె ఈడు సర్కారు బడి పిల్లల్లో ఎక్కువమందికి జపాన్ బడి వీసా అందదు. ఆమె ఇంగ్లిష్ చక్కగా ఉంది, తప్పుల్లేకుండా మాట్లాడుతుంది. అయినా లెక్క లెక్కే.

ఇదంతా అన్యాయమని పండితులు ఎప్పటినుంచో అంటున్నారు. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాడే మంచి ఇంగ్లిష్ టీచరు అనుకోవడం భ్రమ అని భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే పుస్తకం రాశాడు. నేర్చుకుని వచ్చినవాడికి ఎక్కడ కాలు జారుతుందో తెలుసు. ఆ మాట నిజం. కానీ వీసా ఆఫీసు కౌంటర్‌లో కూర్చున్నాయన ఫిలిప్సన్‌ను చదవలేదు.

అమ్మాయి ముఖం వాడిపోయింది. "అయితే నాకు ఏదీ లేదా సార్?" అంది.

"ఉంది బిడ్డా. కవర్‌లో అన్నిటికన్నా అడుగున ఏముందో తియ్యి."

అడుగున ఉన్న కాగితం

అడుగున బీఎడ్ మెమో ఉంది. మడత పడి, మూల చిరిగి, లామినేషన్ కూడా లేకుండా. బంగారు ముద్ర సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ తొడుగు వేసింది, దీనికి వెయ్యలేదు. నేను అప్పుడు రెండింటి స్థానాలూ మార్చాను. బీఎడ్ పైకి, టెఫెల్ కిందికి.

మన రాష్ట్రంలో బీఎడ్ విలువ మనకే తెలియదు. ఎడ్‌సెట్ రాసి, ఇంట్లోవాళ్ల పోరు పడలేక చదివి, డీఎస్సీ పడేదాకా ఎదురుచూస్తూ ప్రైవేటులో చేరతాం. 2015 నుంచి అది రెండేళ్ల కోర్సు. అందులో బళ్లోకి వెళ్లి పాఠాలు చెప్పాలి, లెసన్ ప్లాన్లు రాయాలి, పరిశీలకుడు వెనక బెంచీలో కూర్చుని చూడాలి. లెసన్ ప్లాన్ రికార్డును పాత సీనియర్ దగ్గర తెచ్చి కాపీ కొట్టినవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా విదేశీ విద్యాశాఖ దృష్టిలో బీఎడ్ అంటే టీచరుగా తర్ఫీదు పొందిన మనిషి. ఫోన్‌లో టిక్కులు పెట్టిన మనిషికి ఆ పేరు రాదు.

థాయ్‌లాండ్‌లో బడి టీచరుకు ఖురుసఫా అనే టీచర్ల మండలి లైసెన్స్ ఉండాలి, లేదా తాత్కాలిక అనుమతి ఉండాలి. ఆ లైసెన్స్ దారిలో బోధన డిగ్రీకే విలువ. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ఐఎల్‌టీఎస్‌లో 5.5 గానీ, టోయిక్‌లో 600 గానీ చూపించాలి. ఈ అమ్మాయికి అదేం కష్టం కాదు.

గల్ఫ్ దేశాల్లో సీబీఎస్‌ఈ బడులు చాలా ఉన్నాయి. దుబాయ్, దోహా, కువైట్, మస్కట్, ఎక్కడికెళ్లినా మన పిల్లలు మన సిలబస్సే చదువుతుంటారు. అక్కడ ఇంగ్లిష్ టీచరు అంటే ఇంగ్లిష్‌లో డిగ్రీ లేదా ఎంఏ, దానికి తోడు బీఎడ్, రెండేళ్ల అనుభవం. టెఫెల్ గురించి సాధారణంగా అడగనే అడగరు. మాల్దీవుల బడుల్లో చదువు చాలావరకు ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. అక్కడ భారతీయ టీచర్లు దశాబ్దాలుగా ఉన్నారు. చుట్టూ నీళ్లు, పది నిమిషాల్లో చివరి నుంచి చివరికి నడిచే దీవి, కూరగాయలు పడవలో రావాలి. అది ఓర్చుకోగలిగితే తొలి విదేశీ ఉద్యోగానికి అంతకన్నా తేలిక దారి తక్కువ.

ఇది కొత్త దారేం కాదు. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే భారతీయ టీచర్లను పిలిపించుకున్నారు, ఎక్కువమంది కేరళవాళ్లు. ఆ తర్వాత 2000ల్లో అక్కడ కొత్త యూనివర్సిటీలు తెరిచినప్పుడు మన డిగ్రీ కాలేజీల, ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులు చాలామంది వెళ్లారు. వాళ్లెవరి చేతిలోనూ టెఫెల్ లేదు. పీజీ పట్టా, అనుభవం, అంతే.

ఇంగ్లండ్ ముచ్చట వింటే నవ్వొస్తుంది. 2023 ఫిబ్రవరి నుంచి భారత్ సహా మరికొన్ని దేశాల టీచర్లు అక్కడి క్యూటీఎస్ అనే అర్హత గల టీచరు హోదాకు నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. కానీ మన దేశం వాళ్లకు అది లెక్కలు, సైన్సు, విదేశీ భాషలు చెప్పేవాళ్ల వరకే. మన లెక్కల సారుకు లండన్ తలుపు తెరుచుకుంది, మన ఇంగ్లిష్ మేడమ్‌కు తెరుచుకోలేదు.

ఇవన్నీ మారే నియమాలు. దరఖాస్తు పెట్టే నెలలో ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్ మీరే తెరిచి చదవండి. యూట్యూబ్ వీడియో చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ఇక టెఫెల్ విషయం. అది పనికిరాదని నేననడం లేదు. వియత్నాం లాంటి చోట్ల డిగ్రీతో పాటు బోధన సర్టిఫికెట్ అడుగుతారు. అయితే టెఫెల్ అనేది ఒక కంపెనీ పేరూ కాదు, ఒక పరీక్షా కాదు. ఎవరైనా అచ్చేసి ఇవ్వగల పేరు. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇందులో నేను నిజమైన విద్యార్థులకు పాఠం చెబుతానా, దాన్ని ఎవరైనా కూర్చుని చూస్తారా? కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టాలో కనీసం 120 గంటల కోర్సుతో పాటు ఆరు గంటల బోధన ఉంటుంది, ప్రతి పాఠాన్నీ పరిశీలకులు చూసి మార్కులేస్తారు, నాలుగు రాత పనులుంటాయి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సర్ట్‌టీసాల్ కూడా అదే స్థాయి. ఖర్చు లక్ష దాటుతుంది. బీఎడ్ లేనివాళ్లు, పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లలో పని వెతుక్కునేవాళ్లు దాని గురించి ఆలోచించాలి. బీఎడ్ ఉన్నవాళ్లు ముందు దేశం చూసుకుని, అక్కడ అడిగితేనే కట్టాలి.

ఊళ్లోనే ఉన్న సంస్థను మరచిపోయి లండన్ పేర్లకు ఎగబడటం మన అలవాటు. తూంకుంట నుంచి జేబీఎస్, అక్కడి నుంచి తార్నాక. రెండు బస్సులు మారితే ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టింది. మొదటి డైరెక్టర్ కన్నడ కవి వి.కె.గోకాక్. తర్వాత సీఫెల్ అయ్యింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయ్యింది. ఇంగ్లిష్ ఎలా బోధించాలన్న దాని మీద దేశంలో ఇంత పాత సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇంగ్లిష్ టీచర్ల కోసం దూరవిద్యలో పీజీసీటీఈ అనే కోర్సు ఇక్కడిదే. ఇగ్నోలో సీటీఈ సర్టిఫికెట్ ఉంది, ఆరు నెలలది, ఫీజు తక్కువ. ఈ రెండూ విదేశంలో తలుపులు బద్దలు కొడతాయని చెప్పను. కానీ ఇవి విశ్వవిద్యాలయాల కాగితాలు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే రికార్డు తీసి చూపించే ఆఫీసు ఉంటుంది.

నోరు తెరిస్తే

ఐఎల్‌టీఎస్ గురించి పుస్తకాలు కుప్పలు ఉన్నాయి కాబట్టి రెండే ముక్కలు. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, ఫీజేమో పదిహేను వేలు దాటింది. కాబట్టి ఉద్యోగం వేట మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోవద్దు.

మాట తీరు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. "యాక్సెంట్ మార్చుకోవాలా సార్?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. వద్దు. అమెరికా యాస తెచ్చిపెట్టుకున్న తెలుగు టీచరు ఇంటర్వ్యూలో మూడో నిమిషానికి జారిపోతుంది. మార్చుకోవలసినవి యాసలో కాదు, మన నోటి అలవాట్లలో ఉన్నాయి. ఎకారంతో మొదలయ్యే మాట ముందు మనకు తెలియకుండానే ఒక యకారం, ఒకారం ముందు వకారం వచ్చి చేరతాయి. ఎగ్ యెగ్ అవుతుంది, ఓన్లీ వోన్లీ అవుతుంది. అక్షరం పేరు ఎమ్ కూడా యెమ్ అవుతుంది. తెలుగులో అది సహజం, "ఎక్కడ"ను "యెక్కడ" అని పలికే నోరే ఇదీ. జూలో ఉన్న జెడ్ ధ్వనిని జకారంతో సరిపెట్టేస్తాం. ఇలాంటివి నాలుగైదు, నెల రోజులు ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే చాలావరకు సర్దుకుంటాయి. ఇంకోటి, తెలుగులో అన్ని అక్షరాలకూ దాదాపు సమానంగా బరువు వేస్తాం. ఇంగ్లిష్ మాటలో ఒక్కచోటే ఒత్తు పడుతుంది, మిగతావి మెత్తబడతాయి. విదేశీ విద్యార్థి మనల్ని అర్థం చేసుకోలేకపోవడానికి ఈ ఒత్తు కూడా ఒక కారణం. డిక్షనరీలో ప్రతి మాట పక్కన ఒత్తు గుర్తు ఉంటుంది. మనం అర్థం చూసి పుస్తకం మూసేస్తాం.

విమానం పాఠం

"ఒక పది నిమిషాల డెమో చెప్పు" అన్నాను. ఇంటర్వ్యూలో నెగ్గేదీ ఓడేదీ ఇక్కడే. నేనూ మా ఆవిడా విద్యార్థులం. పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి గోడకు ఆనించాం, అదే బోర్డు.

ఆమె "యూజ్డ్ టు" తీసుకుంది. పెద్ద అక్షరాలతో రాసింది. గతంలో ఉన్న అలవాట్లను చెప్పడానికి వాడతాం అని నిర్వచనం చెప్పింది. కర్త, యూజ్డ్ టు, క్రియ మొదటి రూపం అని సూత్రం రాసింది. నాలుగు వాక్యాలు ఉదాహరణ ఇచ్చింది. మధ్యమధ్య "అండర్‌స్టుడ్?" అని అడిగింది. మా ఆవిడ ప్రతిసారీ తలూపింది. మా ఆవిడ తెలుగు ఎంఏ, ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదని నాకు తెలుసు. తలూపడం మన బడుల్లో మర్యాద. తొమ్మిది నిమిషాలయ్యాక లెక్కేస్తే, విద్యార్థులు మాట్లాడినవి రెండే మాటలు. యెస్, మేడమ్.

నలభైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్, సిలబస్ తరుముకొస్తుంటే ఆమె ఇంకెలా చెబుతుంది? తప్పు ఆమెది కాదు. నేనూ ఇలాగే చెప్పేవాణ్ణి. చాలా ఏళ్ల క్రితం సికింద్రాబాద్‌లో ఒక హోటల్ గదిలో ఓ గల్ఫ్ బడి వాళ్లు నన్ను ఇంటర్వ్యూ చేశారు. కర్మణి వాక్యాల మీద పావుగంట ఉపన్యాసం దంచాను. వాళ్ల ప్రిన్సిపాల్ మర్యాదగా టీ ఇచ్చి, "మీకు సబ్జెక్టు బాగా వచ్చు" అన్నారు. ఉద్యోగం రాలేదు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అంతలో హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి కప్పు మీదుగా పోయింది. తూంకుంటలో ఆ చప్పుడుకు పాఠాలు ఆగుతాయి, ఫోన్లు ఆగుతాయి. చప్పుడు తగ్గాక నేనన్నాను, "బోర్డు చెరిపెయ్యి. దీంతో చెప్పు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. పైకి వేలు చూపించి, తను చిన్నప్పుడు విమానం వస్తే వాకిట్లోకి పరుగెత్తేదాన్నని ఇంగ్లిష్‌లో అంది. అందులో యూజ్డ్ టు ఉంది. మా ఆవిడ వైపు తిరిగి, "చిన్నప్పుడు పరుగెత్తానా?" అని అడిగింది. "యెస్." "ఇప్పుడు పరుగెత్తుతున్నానా?" "నో." ఈసారి ఆ యెస్, నో మర్యాదకు వచ్చినవి కావు. తర్వాత మా ఆవిణ్ణి, "మీరు చిన్నప్పుడు ఏం చేసేవారు?" అని అడిగింది. మా ఆవిడ తడబడి, ఆగి, చింతచెట్టు ఎక్కేదాన్నని పూర్తి వాక్యం చెప్పింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు తెలియని సంగతి.

ఇదంతా జరిగింది మూడు నిమిషాల్లోనే. అప్పుడు ఒకటి, ఇప్పుడు ఒకటి, రెండు ప్రశ్నలతో అర్థం తేలిపోయింది. "అర్థమైందా?" అని అడగడం మానేసి, అర్థమైతే తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న అడగాలి. లక్ష పోసి చేసే సెల్టాలో పరిశీలకులు పదేపదే చెప్పేది ఇదే. ఇంకా చూడండి, తెలుగులో "పరుగెత్తేదాన్ని" అన్నప్పుడు ఆ "ఏదాన్ని" చేసే పనే ఇంగ్లిష్‌లో యూజ్డ్ టు చేస్తుంది. రెండు భాషల కీళ్లు తెలిసినవాళ్లకే ఈ పోలిక దొరుకుతుంది. థాయ్ పిల్లలకు తెలుగు ఉదాహరణ పనికిరాదు నిజమే. కానీ ఏది కష్టమో ముందే పసిగట్టే చూపు పనికొస్తుంది.

సూత్రాలు పక్కన పెట్టి నేర్పడం మన దగ్గర ముందే జరిగింది. బెంగళూరు తదితర చోట్ల 1979 నుంచి ఐదేళ్ల పాటు ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం చెప్పకుండా రైళ్ల టైంటేబుల్, మ్యాపు లాంటివి చేతికిచ్చి, వాటితో పని చేయిస్తూ ఇంగ్లిష్ నేర్పడం. కిక్కిరిసిన మన క్లాసుల్లో చేసిన ఆ పని ప్రపంచమంతా బోధనా పుస్తకాలకెక్కింది. తర్వాత ఆయన సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో చెప్పారు. డెమో తయారు చేసుకునేముందు ఆయన పద్ధతి గురించి ఒక పూట చదవండి.

"ఒరిజినల్స్ స్కూల్ల ఉన్నయి సార్"

మళ్లీ కవర్ దగ్గరికి వచ్చాం. అందులో ఉన్నవన్నీ జిరాక్సులని అప్పటికి గమనించాను. ఒరిజినల్స్ ఏవమ్మా అంటే, ఈ జవాబు.

మన దగ్గర చాలా ప్రైవేటు స్కూళ్లలో ఇది నడుస్తోంది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు, ఏడాది మధ్యలో మానెయ్యకుండా. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉండదు, జీతంలో సగం చేతికి ఇస్తారు. ఐదేళ్లు గొంతు చించుకున్నా, బయటి దేశం దృష్టిలో ఆ ఐదేళ్లు లేనట్టే. అనుభవానికి రుజువు కావాలి. బ్యాంకులో పడిన జీతం, పీఎఫ్ ఖాతా, లెటర్‌హెడ్ మీద తేదీలు, చెప్పిన తరగతులు, సబ్జెక్టు రాసిన అనుభవ పత్రం. విదేశం ఆలోచన ఉన్నవాళ్లు రెండేళ్ల ముందే ఈ మూడూ ఉన్న స్కూలుకు మారాలి, జీతం వెయ్యి తక్కువైనా సరే.

డిగ్రీ విషయంలో ఇంకో మెలిక. ఆమె దగ్గర ఉన్నది ప్రొవిజనల్. ఓడీ, అంటే అసలు పట్టా, యూనివర్సిటీ నుంచి తెచ్చుకోనే లేదు. డీఎస్సీకీ ప్రైవేటు స్కూలుకూ ప్రొవిజనల్‌తో పని జరిగిపోతుంది కాబట్టి మనలో సగం మందికి ఓడీ గుర్తుండదు. విదేశాలు అడిగేది ఓడీనే. అన్నిటికన్నా ముందు దాని ఫీజు కట్టండి, ఎందుకంటే అది మన చేతిలో లేని ఆలస్యం.

ఆ తర్వాత పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. డిగ్రీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు. ఈ ముగ్గురూ ఒకే మనిషని తూంకుంటలో అందరికీ తెలుసు, విదేశీ గుమాస్తాకు తెలియదు. టెన్త్ మెమోలో ఉన్న పేరునే పాస్‌పోర్టులో ఉంచుకోవడం మంచిది. మారిపోయి ఉంటే పెళ్లి సర్టిఫికెట్, అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోవాలి.

ధ్రువీకరణకు ఒక వరుస ఉంది. ముందు రాష్ట్ర స్థాయిలో, దాన్ని జనం హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్ అంటారు. తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ. అక్కడ దారి రెండుగా చీలుతుంది. భారత్ 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ ముద్ర పడితే చాలు. ఒమన్, బహ్రెయిన్, సౌదీ, కొరియా, జపాన్ అందులో ఉన్నాయి. యూఏఈ, ఖతార్, కువైట్ లేవు కాబట్టి వాటికి మళ్లీ ఆ దేశపు ఎంబసీ ముద్ర వేయించాలి, ఖర్చూ రోజులూ పెరుగుతాయి. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునే ఫీజు కాగితానికి 50 రూపాయలు. దాని మీద ఏజెన్సీ ఛార్జీ కొంత. మీ దగ్గర వేలు అడిగితే, ఏ దశకు ఎంతో రాసిమ్మనండి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు వెబ్‌సైట్‌లోనే పెట్టుకోవచ్చు. చాలా దేశాలు ఆర్నెల్ల లోపుది అడుగుతాయి. అందుకని అది చిట్టచివర, ఓడీ మొట్టమొదట. చాలామంది దీన్ని తిరగేసి చేసి, రెండుసార్లు డబ్బు కడతారు.

ఏజెంటు దగ్గరికి వెళ్లక తప్పకపోతే, ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో అతని లైసెన్స్ చూడండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 35,400. రెండు లక్షలు, మూడు లక్షలు అన్నవాడు చట్టం బయట ఉన్నట్టే. రాష్ట్ర ప్రభుత్వానిది టామ్‌కామ్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, అక్కడా పేరు నమోదు చేసుకోండి. "ముందు టూరిస్ట్ వీసా మీద రండి, అక్కడికొచ్చాక మార్పిస్తాం" అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి సైబర్ మోసగాళ్ల చేతిలో చిక్కిన మన తెలుగు పిల్లల కథ 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. వాళ్లనూ ఇలాంటి ఏజెంట్లే పంపారు.

సాయంత్రం ఆరయ్యింది. అమ్మాయి కాగితాలు మళ్లీ కవర్‌లో పెట్టుకుంది, బీఎడ్ పైన. గుమ్మం దగ్గర చున్నీ కట్టుకుంటూ, "మా ఆయన మాల్దీవులు వద్దంటడు సార్, నీళ్ల నడుమ ఎట్లుంటవ్ అంటడు. మస్కట్‌ల మా ఆడిబిడ్డ ఉంది. అక్కడైతే పొమ్మంటుండు" అంది.

"అట్లయితే ఒమన్‌కు అపోస్టిల్ చాలు. ఎంబసీ ఖర్చు తప్పింది. సోమవారం పొద్దున ఓడీకి ఫీజు కట్టు. ఒరిజినల్స్ మాత్రం ఇప్పుడే అడగకు, ఏప్రిల్‌ల పరీక్షలు అయినంక అడుగు. అడిగేటప్పుడు నోటితో కాదు, కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇంకో కాపీ మీద వాళ్ల సంతకం తీసుకో."

"ఇయ్యకుంటే?"

"అప్పుడు మళ్ల రా. ఇద్దరం పోదాం."